ఒళ్ళు పట్టే చేతికి చదువు కావాలి, చిరునామా కావాలి



మర్దన అనే మాటను మనం రెండు గొంతులతో పలుకుతాము. బాలింతకు నూనె పట్టించినా, పసిబిడ్డకు నలుగు పెట్టినా, పండుగనాడు ఇంటిల్లిపాదికీ తలంటు పోసినా అది సేవ, ఆచారం, ఆప్యాయత. అదే పనిని ఒకరు బజారులో బోర్డు పెట్టి, డబ్బు తీసుకొని చేస్తే మన కనుబొమలు ముడిపడతాయి. ‘మసాజ్ సెంటర్’ అన్న పేరు పత్రికలలో కనిపించేది ఎక్కువగా పోలీసుల దాడుల వార్తలలోనే. ఈ రెండు గొంతుల నడుమ మూడవ గొంతు ఒకటి ఉండాలి. ఇది ఒక వృత్తి, దీనికి ఒక విద్య ఉన్నది, ఆ విద్య లేకపోతే ప్రమాదమూ ఉన్నది అని చెప్పే గొంతు అది. మన వైద్యులం ఆ మాట గట్టిగా చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు.

డబ్బు తీసుకొని ఇతరుల శరీరాన్ని మర్దించే ప్రతివారికీ తగిన శిక్షణ, పరీక్ష, ప్రభుత్వ నమోదు ఉండాలని, ఆ నమోదు ఆరోగ్యశాఖ అధీనంలో ఉండాలని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి నేను చాలా ఆలస్యంగా వచ్చాను. ఎందుకు వచ్చానో ముందు చెబుతాను.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నేను గోదావరి జిల్లాలలో ఒక చిన్న పట్టణంలో పనిచేస్తున్నాను. యాభై దాటిన ఒక గృహిణి కాలు విరిగి ఆరు వారాలు పిండికట్టులో ఉన్నది. కట్టు విప్పి, ఎముక అతికినదని సంతోషించి, నడక అలవాటు చేసుకోమని చెప్పి ఇంటికి పంపాము. నాలుగు రోజులకు ఆమె పిక్క వాచింది, బరువెక్కింది. ఇన్నాళ్ళు కట్టులో ఉన్న కాలు కదా, నరాలు పట్టేశాయని ఇంటివారు అనుకున్నారు. ఆ వీధిలో బాలింతలకు నీళ్ళు పోసే ఒక పెద్దావిడను పిలిపించారు. ఆమె గోరువెచ్చని నూనెతో మడమ నుంచి మోకాలి దాకా శ్రద్ధగా పిసికింది. ఆ రాత్రే రోగికి ఛాతీలో నొప్పి, ఎగశ్వాస మొదలయ్యాయి. ఆస్పత్రికి తెచ్చిన గంటలోపే ఆమె కన్నుమూసింది.

వారం తరువాత ఆ పెద్దావిడ నన్ను వెదుక్కుంటూ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, “బాబుగారూ, నా చెయ్యి బరువుగా పడిందంటారా?” అని అడిగింది. నీ తప్పేమీ లేదని చెప్పి పంపించాను. ఆ జవాబులో సగమే నిజం. పిక్కలోని లోతైన సిరలలో రక్తం గడ్డకట్టి ఉన్నప్పుడు గట్టిగా పిసికితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులలోకి వెళ్ళే ప్రమాదం ఉన్నది. ఆ రోజు అదే జరిగిందని నేను ప్రమాణం చేయలేను. ఆ గడ్డ తనంతట తానుగా కూడా కదిలి ఉండవచ్చు. కాని కట్టు విప్పిననాడు, ‘పిక్క వాస్తే వెంటనే రండి, ఎవరిచేతా పట్టించవద్దు’ అన్న ఒక్క మాట చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు. ఇంత చదివిన నేను మరచిన విషయాన్ని, బడి ముఖమే ఎరుగని ఆమె తెలుసుకొని ఉండాలని ఆశించడం ఏ న్యాయం? ఆ తరువాత ఆవిడ ఎవరి ఒంటిమీదా చెయ్యి వేయలేదని విన్నాను. దానితో ఆ ఇంటికి వచ్చే నాలుగు రూపాయలూ ఆగిపోయాయి. ఆ ఒక్క రాత్రి రెండు కుటుంబాలు దెబ్బతిన్నాయి.

ఇక రెండవ సంగతి. కొన్నేళ్ళ క్రితం అమెరికాలో టెక్సస్‌లో ఉంటున్న మా మేనకోడలు ఫోను చేసి, తాను మసాజ్ థెరపీ పాఠశాలలో చేరానని చెప్పింది. పని చేసుకొనే అనుమతి వచ్చిన తరువాత ఆమె స్వయంగా ఎంచుకొన్న మార్గం అది. మా ఇంట్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. “ఇంత చదివి ఇదేమిటమ్మా?” అని నోరు జారినవాణ్ణి నేనే. ఆమె నొచ్చుకోలేదు. “మామయ్యా, మా పుస్తకంలో ఒక అధ్యాయం పంపిస్తాను, చదివి అప్పుడు చెప్పు” అన్నది. ఆ అధ్యాయం ఎవరిని మర్దించకూడదో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో, ఎప్పుడు పని ఆపి వైద్యుని దగ్గరకు పంపాలో చెప్పేది. అందులో నాలుగవ అంశం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా, వెచ్చగా ఉండడం. గోదావరి ఒడ్డున ఆనాడు గుమ్మం దగ్గర నిలబడిన ముసలావిడ నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

టెక్సస్ రాష్ట్రంలో ఈ లైసెన్సు ఎలా వస్తుందో ఆమె చదువు వల్ల నాకు వివరంగా తెలిసింది. కనీసం 500 గంటల శిక్షణ ఉండాలి. అందులో మర్దన పద్ధతులకు 200 గంటలు. శరీర నిర్మాణానికి 50, శరీర ధర్మానికి 25, కండరాల కదలికల శాస్త్రానికి 50, వ్యాధుల పరిజ్ఞానానికి 40, జలచికిత్సకు 20 గంటలు. చట్టం, వృత్తి నీతి, వ్యాపార పద్ధతులకు 45 గంటలు, పరిశుభ్రత, ప్రథమ చికిత్సలకు 20 గంటలు. చివరి 50 గంటలు పర్యవేక్షణలో ప్రత్యక్ష సాధన. ఆ పిమ్మట ఎంబ్లెక్స్ అనే పరీక్ష. కంప్యూటరు మీద 110 నిమిషాలలో 100 ప్రశ్నలు. అమెరికాలో లైసెన్సు విధానం ఉన్న రాష్ట్రాలలో అధిక భాగం ఈ పరీక్షనే గుర్తిస్తాయి. వేలిముద్రలు ఇచ్చి నేరచరిత్ర లేదని తేల్చుకోవాలి. రెండేళ్ళకు ఒకసారి లైసెన్సు పునరుద్ధరించుకోవాలి, దానికి 12 గంటల నిరంతర విద్య చూపాలి. మనం పిలిచిన మనిషికి లైసెన్సు ఉన్నదో లేదో ఎవరైనా ప్రభుత్వ జాబితాలో చూసుకోవచ్చు.

అమెరికా అంతటా ఇదే కొలత అనుకోవద్దు. న్యూయార్కులో 1000 గంటలు చదవాలి. కాలిఫోర్నియాలో రాష్ట్రస్థాయి ధ్రువీకరణ ఐచ్ఛికం. మిన్నెసోటాలో రాష్ట్రస్థాయి లైసెన్సే లేదు. కాబట్టి విదేశాలలో ఉన్న మన పిల్లలు ఈ వృత్తిలోకి వెళ్ళదలిస్తే తామున్న రాష్ట్రపు నిబంధనలను స్వయంగా చూసుకోవాలి. మన దేశంలో పొందిన స్పా సర్టిఫికెట్టు అక్కడి లైసెన్సుకు సాటి రాదు. వీసా ఇచ్చే పని అనుమతి వేరు, వృత్తి లైసెన్సు వేరు. రెండూ చేతిలో ఉన్న తరువాతనే ఒక్క రూపాయి అయినా తీసుకోవాలి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. సర్టిఫికెట్టుకూ లైసెన్సుకూ ఉన్న తేడాను మనం తరచుగా విస్మరిస్తాము. ఒకరు ఏమి నేర్చుకున్నారో సర్టిఫికెట్టు చెబుతుంది. ఆ పని ఎవరు చేయవచ్చునో, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలో లైసెన్సు చెబుతుంది. సర్టిఫికెట్టును ఒకసారి ఇస్తే అది గోడమీద వ్రేలాడుతుంది. లైసెన్సును ఇచ్చినవారు వెనక్కి కూడా తీసుకోగలరు. మన దేశంలో సౌందర్య, ఆరోగ్య సేవల రంగానికి నైపుణ్య మండలి ఉన్నది, స్పా థెరపిస్టు శిక్షణలు ఉన్నాయి. ఆయుర్వేదంలో పంచకర్మ సహాయకులకు శిక్షణలు ఉన్నాయి. అవి మంచివే. కాని అవేవీ లేనివారిని ఈ పని చేయవద్దని ఆపే ఏర్పాటు లేదు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టాన్ని చేసింది. ఫిజియోథెరపీ మొదలైన అనేక వృత్తులను అది ఒక పద్దులోకి తెచ్చింది. ఆ పట్టికలో మర్దన ఒక ప్రత్యేక వృత్తిగా లేదు. పురపాలక సంఘం ఇచ్చే వ్యాపార అనుమతి దుకాణానికి సంబంధించినది. గదికి లైసెన్సు ఉంటుంది, ఆ గదిలో మన మెడ పట్టే చేతికి ఉండదు.

ప్రభుత్వాలు ఈ విషయంలో కదిలినప్పుడు కూడా చూపు వేరే వైపు పోతున్నది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం స్పాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో సిబ్బంది విద్యార్హతల ప్రస్తావన ఉన్నా, స్త్రీలకు పురుషులు, పురుషులకు స్త్రీలు మర్దన చేయరాదన్న నిబంధన చుట్టూనే చర్చ అంతా నడిచింది. ఆ నిబంధన అమలును అదే సంవత్సరం ఢిల్లీ హైకోర్టు నిలిపివేసింది. అసాంఘిక కార్యకలాపాలను అరికట్టవలసిందే, అమ్మాయిల అక్రమ రవాణాను అణచవలసిందే. అందుకు చట్టాలున్నాయి. కాని మర్దన చేసేది స్త్రీయా పురుషుడా అన్న ప్రశ్నకు లభించిన శ్రద్ధ, ఆ చేతికి రక్తనాళం ఎక్కడ ఉన్నదో తెలుసునా అన్న ప్రశ్నకు లభించలేదు.

ఈ రెండవ ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి మెడ ఒక్కటి చాలు. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకుపోయే రెండు ధమనులు మెడ వెన్నుపూసలలోని రంధ్రాల గుండా పైకి వెళతాయి. క్షౌరం అయిన తరువాత తలను రెండు చేతులా పట్టి టక్కున తిప్పడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఒక మర్యాద. ఆ కుదుపులో ధమని లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఇది అరుదు. కాని వస్తే తిరిగిరాని నష్టం. మెడను వెనక్కి బాగా వాల్చి తల కడిగించుకున్న తరువాత పక్షవాత లక్షణాలు వచ్చిన ఐదుగురి ఉదంతాలను ఒక అమెరికా నాడీవైద్యుడు 1993లోనే వైద్యపత్రికలో వ్రాశాడు. పదునైన కత్తిని అంత నేర్పుగా వాడే మన క్షురక వృత్తివారికి ఈ ఒక్క సంగతి చెబితే చాలు, ఆ అలవాటు మానుకుంటారు. వారికి చెప్పినవారు లేరు.

దీన్నిబట్టి నేను మర్దనకు విరోధినని భావించవద్దు. కొత్తగా వచ్చిన నడుంనొప్పికి మందుల కంటె ముందు ప్రయత్నించదగిన ఉపాయాలలో మర్దననూ చేరుస్తూ అమెరికా వైద్యుల సంఘం 2017లో సూచనలు ఇచ్చింది. ఉపశమనం చాలామందిలో కొద్దికాలమే ఉంటుంది, నిజమే. కాని కొద్దికాలం నొప్పి తగ్గడం కూడా రోగికి చిన్న విషయం కాదు. ఒంటరి వృద్ధులకు మరొక మనిషి స్పర్శ ఎంత ఊరటో నేను చూశాను. మర్దనకు ఫలితం ఉన్నదని ఒప్పుకున్నప్పుడు దానికి హాని కూడా ఉండవచ్చునని ఒప్పుకోవాలి. ఏమీ చేయని మందుకే దుష్ఫలితాలు ఉండవు.

నా వాదనకు ఎదురుగా ఒక బలమైన అభ్యంతరం ఉన్నది. దానిని నేను తేలికగా తీసుకోను. లైసెన్సు అనగానే దరఖాస్తు, రుసుము, దళారి, లంచం మన కళ్ళముందు కదులుతాయి. డబ్బున్న స్పా యజమాని కాగితాలు సంపాదించుకుంటాడు. బాలింతలకు నీళ్ళు పోసే పెద్దావిడ, తరతరాలుగా ఈ విద్య తెలిసిన క్షురక వృత్తివారు, పల్లెలో బెణుకులు సరిచేసే మనిషి నేరస్థులైపోతారు. రక్షణ పేరుతో పేదవారి పొట్ట కొట్టే చట్టం మనకు వద్దు. ఈ భయం నిజమైనదే. కాని దీనికి మందు లైసెన్సును వదిలేయడం కాదు, దానిని పేదవారికి అందేటట్లు రూపొందించడం.

జపాను అనుభవం ఇక్కడ మనకు పనికివస్తుంది. అక్కడ 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు అంధులకు మర్దన, సూది చికిత్సలు నేర్పే పాఠశాలలు నెలకొల్పాడు. అప్పటినుంచి ఆ వృత్తి అక్కడి అంధులకు గౌరవప్రదమైన జీవనాధారమయింది. 1947లో ప్రత్యేక చట్టం వచ్చింది. నేడు మూడేళ్ళ చదువు, జాతీయ పరీక్ష ఉంటేనే ఆ పని చేయాలి. అంధ విద్యార్థులు ప్రత్యేక పాఠశాలలలో ఆ చదువు చదివి, ఆ పరీక్షే వ్రాసి వృత్తిలో నిలబడుతున్నారు. కఠినమైన లైసెన్సు బలహీనులను తప్పనిసరిగా బయటికి నెడుతుందన్న మాటకు ఇంతకంటె మంచి సమాధానం నాకు కనబడదు. వారికి తలుపు తెరిచే పని లైసెన్సు ఇచ్చేవారు చేయాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో నేను కోరుకొనే ఏర్పాటు ఇది. ఒకటి, నమోదు పుస్తకం ఆరోగ్యశాఖ దగ్గర ఉండాలి. పోలీసు ఠాణాలో పేరు వ్రాయించుకొనే వృత్తికి గౌరవం రాదు. రెండు, ఇప్పటికే ఈ పని చేస్తున్నవారికి జిల్లా ఆస్పత్రిలో ఉచితంగా, తెలుగులో, కొద్ది వారాల శిక్షణ ఇవ్వాలి. వారి చేతిలో విద్య ఉన్నది. ప్రమాద సూచికలు, పరిశుభ్రత, ప్రథమ చికిత్స మాత్రం మనం నేర్పాలి. వ్రాయలేనివారికి నోటి పరీక్ష, చూపులేనివారికి బ్రెయిలీ, శబ్ద పాఠాలు ఉండాలి. మూడు, కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి కనీసం ఆరునెలల చదువు, ఆస్పత్రిలో ప్రత్యక్ష సాధన, ఆ పైన పరీక్ష. నాలుగు, నమోదు సంఖ్య ఉన్న గుర్తింపు కార్డు, దానిని ఎవరైనా సరిచూసుకొనే వీలు. ఐదు, ఇంట్లో అమ్మ, అమ్మమ్మ చేసే సేవ జోలికి ఈ చట్టం పోరాదు.

ఆ కార్డు వల్ల మర్దన చేసేవారికి కలిగే మేలు కూడా తక్కువది కాదు. నమోదైన వృత్తి నిపుణురాలు, ‘ఈ కాలు నేను పట్టను, ముందు డాక్టరుకు చూపండి’ అని ధైర్యంగా అనగలదు. అసభ్యంగా ప్రవర్తించే ఖాతాదారును బయటికి పంపగలదు. యజమాని ఒత్తిడి చేస్తే చూపించడానికి ఆమె చేతిలో ఒక నియమావళి ఉంటుంది. కార్డు లేని అమ్మాయికి ఈ మూడు మాటలూ అనే అవకాశం లేదు.

చట్టం వచ్చే లోపల మన జాగ్రత్త మనం పడాలి. ఈ కింది పరిస్థితులలో వైద్యుని అడగకుండా మర్దన చేయించుకోవద్దు.

ఒక కాలు మాత్రమే వాచినప్పుడు, ముఖ్యంగా శస్త్రచికిత్స, కాన్పు, పిండికట్టు, సుదీర్ఘ ప్రయాణం తరువాత. రక్తం పలుచబడే మందులు వాడుతున్నప్పుడు. జ్వరంలో, మరీ ముఖ్యంగా డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు. చర్మంమీద పుండ్లు, చీము ఉన్నచోట. ఎముకలు గుల్లబారినవారికి, కాన్సరు ఎముకలకు పాకినవారికి. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు వేడి నూనె, వేడి కాపడం విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి, చర్మం కాలినా వారికి తెలియదు. మెడను విరవడం ఎవరికీ వద్దు. పసిబిడ్డలకు మెత్తని చేతితో నూనె రాయడం మంచిదే. కాని ముక్కులో, చెవిలో నూనె చుక్కలు పోయవద్దు, అది ఊపిరితిత్తులలోకి దిగితే బిడ్డకు ప్రాణాపాయం. మర్దన అయ్యాక హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, తలతిరుగుడు, మాట తడబాటు, ఒక వైపు బలహీనత కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.

మిమ్మల్ని మర్దించబోయే మనిషిని ఒక ప్రశ్న అడగండి: “నాకు జబ్బులేమైనా ఉన్నాయో అడగరా?” ఆ ప్రశ్నకు తడబడేవారి చేతికి మీ శరీరాన్ని అప్పగించవద్దు. ఈ వృత్తిలోకి రావాలనుకొనే యువతీ యువకులకు నా మాట ఇది: పద్ధతులు నేర్పుతామని చెప్పే సంస్థలు చాలా ఉంటాయి. ఎవరిని తాకకూడదో నేర్పే చోట చేరండి.

మా మేనకోడలు పరీక్షలో ఉత్తీర్ణురాలై, లైసెన్సు ప్రతిని నాకు పంపింది. ‘ఇంత చదివి ఇదేమిటి’ అని ఆనాడు అన్న మాటకు ఆమెను క్షమాపణ అడిగాను. ఆమె నవ్వి ఊరుకున్నది. గుమ్మం దగ్గర నిలబడిన ఆ పెద్దావిడను అడిగే అవకాశం మాత్రం నాకు లేదు, ఆమె ఇప్పుడు లేదు. మీ వీధిలో అటువంటి చేతులు ఇంకా ఉంటాయి. వాచిన పిక్కను పట్టవద్దన్న ఒక్క మాట ఈ రోజే వెళ్ళి ఆమెకు చెప్పండి. చట్టం వచ్చేదాకా ఆ పాఠం చెప్పవలసినవారం మనమే.